జర నొస్తది

కృపారాణి పనికి వంక పెట్టడం కష్టం. వికారాబాద్‌లో ఆ ఆస్పత్రి ఐసీయూలో ఆమె డ్యూటీ ఎక్కిందంటే దుప్పట్లు కూడా బుద్ధిగా పడుకుంటాయని తోటి నర్సులు వేళాకోళం చేస్తారు. మోమిన్‌పేట్ నుంచి పొద్దున్నే బస్సులో వచ్చి, చెప్పులు విడిచి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని లోపల అడుగు పెడితే ఇక ఆమెకు మాటలతో పని లేదు. ఒక మంచం తర్వాత ఇంకో మంచం, అంతే. మాట్లాడుతూ కూర్చుంటే పని వెనకబడుతుందని ఆమె నమ్మకం. ఐసీయూలో అందరి నమ్మకమూ అదే.

ఆ రోజు బీరమ్మ మంచంతో మొదలుపెట్టింది.

బీరమ్మది బషీరాబాద్ మండలంలో ఒక పల్లె. కందిచేలల్లో కలుపుకు పోయే మనిషి. వాన పడిన రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకుంటే కట్లపాము కరిచింది. కరిచినట్టు కూడా తెలియలేదు. తెల్లారి కడుపులో నొప్పి అంది. కాసేపటికి రెప్పలు వాలాయి, మాట ముద్దయింది. తాండూరుకు ఆటోలో తెచ్చేసరికి ఊపిరి అందడం లేదు. అక్కడ విరుగుడు మందు ఎక్కించి, గొంతులోకి గొట్టం వేసి, అంబులెన్సులో వికారాబాద్ పంపారు. అప్పటినుంచి ఊపిరి వెంటిలేటర్‌ది, ఒళ్ళు మాత్రం బీరమ్మది.

"ఈ విషం కండరాలను పడుకోబెడుతుంది గానీ మనిషిని పడుకోబెట్టదు. ఆమెకు అన్నీ వినిపిస్తూ ఉండొచ్చు," అని డాక్టర్ సుశాంత్ ఆమెను చేర్చుకున్న రోజే నర్సులకు చెప్పాడు. అందరూ తల ఊపారు. ఊపి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. కృపారాణి కూడా అంతే.

ముందు కళ్ళు. రెప్పలు పూర్తిగా మూతపడక సన్నగా తెరుచుకునే ఉంటే కంటిగుడ్డు ఎండి పుండు పడుతుంది. దూది తడిపి రెప్పలు తుడిచి, మందు వేసి, రెండు కళ్ళూ మూసి పైన తెల్లటి ప్లాస్టర్ అంటించింది. తర్వాత గొట్టం. అది జారకుండా గుడ్డపట్టీని చెంపల మీదుగా తల వెనక్కి కట్టి, దవడ వేలాడుతోందని గడ్డం కిందుగా ఇంకో చుట్టు తిప్పి ముడేసింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే క్లిప్ ఒకటి ఉంటుంది. దాన్ని మామూలుగా చేతివేలికి పెడతారు. బీరమ్మ చేతివేళ్ళకు ఆషాఢం గోరింటాకు చిక్కగా పండి ఉంది, దాని మీద అంకె సరిగా రావడం లేదు. అందుకని కుడికాలి బొటనవేలికి పెట్టారు.

ఆ క్లిప్‌తోనే తలనొప్పి. ఉన్నట్టుండి తెర మీద గీత చెదిరిపోయి మానిటర్ మోగేది. వచ్చి చూస్తే ఏమీ ఉండేది కాదు. క్లిప్ వదులైందనుకుని కృపారాణి నిన్న ఒకసారి ప్లాస్టర్ చుట్టింది. ఇవాళ మళ్ళీ మోగింది. ఈసారి గాజుగుడ్డ పట్టీ తెచ్చి, బొటనవేలిని పక్క వేలితో కలిపి గట్టిగా చుట్టింది. మోత ఆగింది. మంచి పని చేశాననుకుంది.

రౌండ్స్ అయ్యాక డాక్టర్ సుశాంత్ గాజు తలుపు దగ్గరికి వెళ్ళి, "బీరమ్మ తాలూకు ఎవరు?" అని పిలిచాడు. ఇంటివాళ్ళు తలుపు అవతలి నుంచి చూడొచ్చు. లోపలికి రావడానికీ, డాక్టరుతో మాట్లాడటానికీ మాత్రం ఒక్కరికే అనుమతి. ఆ ఒక్కరు ఎవరో ఆస్పత్రి ఎప్పుడూ అడగదు. అందరికంటే ముందు నిలబడ్డ తెల్లచొక్కాయే ఆ ఒక్కరు. బీరమ్మ బావగారు బాలస్వామి ముందుకొచ్చాడు. ఆయన వెనక బీరమ్మ మొగుడు హనుమంతు, కూతురు నవనీత.

"రెస్పాన్స్ ఇంకా లేదు. కండరాలు రికవర్ కావాలి. వెంటిలేటర్ సపోర్ట్ మీదే ఉంది. వెయిట్ చేయాలి. ఇప్పుడే ఏం చెప్పలేం," అన్నాడు సుశాంత్. రాత్రంతా నిద్ర లేని మనిషి, మాటలు కూడబలుక్కుని చెప్పాడు.

"సార్, మా అవ్వకు తెలివున్నదా?" అని వెనక నుంచి అడిగింది నవనీత.

"పెద్దోళ్ళు మాట్లాడుతుంటే ఆగు బిడ్డా," అని బాలస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంకో మంచం దగ్గర మానిటర్ మోగింది. సుశాంత్ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నవనీత ప్రశ్న తలుపు దగ్గరే ఉండిపోయింది. కన్నకూతురు అడిగిన మాటకు అవునో కాదో చెప్పే తీరిక ఇంతమందిలో ఒక్కరికీ లేకపోయిందే అని కృపారాణికి చివుక్కుమంది. కానీ ఆమె చేతిలో ట్రే ఉంది, ఆమెకూ తీరిక లేదు.

బాలస్వామి ఒక్కడూ లోపలికి వచ్చాడు. తల దగ్గరికి రాలేదు. కాళ్ళ వైపు నిలబడి తల నుంచి పాదాల దాకా చూశాడు. బొటనవేలి కట్టు దగ్గర ఆయన చూపు ఆగింది. చేతులు జోడించాడు. జేబులో ఫోను మోగితే అక్కడే ఎత్తి, "ఆ, చూసిన... ఇగ ఏం లేదు, గంతే. రేపు పొద్దుగాల తెస్తం. గుంత సంగతి నువ్వు చూడు," అన్నాడు. పక్క మంచం మీద పేషెంటుకు గొంతులో తెమడ లాగుతున్న కృపారాణికి ఆ యంత్రం రొదలో 'రేపు తెస్తం' ఒక్కటే వినపడింది. ఏవో బట్టలు తెస్తాడేమో అనుకుంది.

*

మధ్యాహ్నం డ్యూటీ దిగి బస్టాండుకు బయల్దేరితే ఆవరణలో రేకుల షెడ్డు కింద వాళ్ళు కనపడ్డారు. హనుమంతు తువ్వాలు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకున్నాడు. నవనీత లేచి ఎదురొచ్చింది. తాండూరులో బట్టల దుకాణంలో పని చేసే పిల్ల, నలుగురితో మాట్లాడటం వచ్చిన పిల్ల.

"అక్కా, ఒక్క మాట నిజం చెప్పు. మా అవ్వ ఎప్పుడు పోయింది?"

కృపారాణి అడుగు ఆగిపోయింది. "పోవుడేంది? బతికే ఉన్నది. ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవరు చెప్పాలె? కండ్లు లేవా మాకు? అద్దంల నుంచి కనవడతలేదా? కండ్లు మూసి అతికిచ్చిన్రు. దవడకు గుడ్డ కట్టిన్రు. ఇయ్యాల కాలి బొటనేలు కూడ కట్టిన్రు. మా తాత పోయినప్పుడు గట్లనే కట్టిన్రు. మా అమ్మమ్మకు నేనే పట్టుకున్న, మా అవ్వ ముడేసింది. బతికున్నోళ్ళకు ఎవరన్న గట్ల కడ్తరా అక్కా?"

కృపారాణి తండ్రి యోహాను పోయినప్పుడు తెల్లరుమాలు దవడ కిందుగా తెచ్చి నడినెత్తిన ముడేసింది తల్లి. ముడి జారకుండా వేలు పెట్టింది తనే. రెప్పలు మూసిందీ తనే. ఆ చేతులే ఇవి. పొద్దున బీరమ్మకు అవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేశాయి, ఒక్కసారైనా ఆ సంగతి గుర్తు రాలేదు. ఎంత శ్రద్ధగా చేసిందో అంత స్పష్టంగా గాజు అవతలి వాళ్ళకు చావు చూపించింది.

ఆ కట్లు ఎందుకో ఒక్కొక్కటే చెప్పింది. నవనీత ఆశగా వింది. బాలస్వామి వినలేదు. ఆయన కోపంగా కూడా లేడు, అదే ఇంకా కష్టంగా ఉంది.

"సిస్టరమ్మా, నీ తప్పు లేదు. మీరు నోటితోని చెప్పలేరు, మాకెరుకే. డాక్టర్ సారే అన్నడు, ఏం చెప్పలేమని. గంత సదువుకున్నాయన గామాట అన్నంక ఇగ సమజ్ చేస్కోవాల్సింది మేమే గద. ఊర్ల చుట్టాలందరు ఒచ్చి కూసున్నరు. రేపు పొద్దుగాల జీపు ఒస్తది, తీస్కపోతం."

"పెద్దయ్యా, గొట్టం తీస్తే ధారూర్ దాక కూడ బతకదామె. ఛాతి లేస్తున్నది చూడలేదా?"

"మిషన్ ఊపితే ఎవలి ఛాతైన లేస్తది బిడ్డా," అన్నాడు బాలస్వామి నెమ్మదిగా.

హనుమంతు తువ్వాలు తీసి ఏదో అనబోయి మళ్ళీ నోట్లో కుక్కుకున్నాడు. అన్న మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆయనకు లేనట్టుంది. కృపారాణికి ఒళ్ళు మండింది. బాలస్వామి మీద కాదు. ఇంత మంది బతికించాలని చూస్తున్న మనిషిని ఇంత మంది ప్రేమగా చంపబోతున్నారు, మధ్యలో ఒక గాజు తలుపు ఉంది, అంతే. ఆ తలుపు మీద మండింది.

"రేపు నేనొచ్చే దాక ఆగున్రి. లోపలికి ముగ్గుర్ని తోల్కపోత. మీ కండ్లతోని మీరు చూసినంక మీ ఇష్టం. నా పిల్లల మీద ఒట్టు," అంది. ఒట్టు పెట్టడం తమ ఇంట్లో తప్పు. అయినా పెట్టింది.

బాలస్వామి ఆమె మొహం చూశాడు. "సరే. నువ్వొచ్చే దాక," అన్నాడు.

*

మర్నాడు మామూలు బస్సుకు ముందు బస్సే ఎక్కింది. ఆస్పత్రి గేటు దగ్గర జీపు అప్పటికే నిలబడి ఉంది. వెనక సీట్లు మడిచి కొత్త చాప పరిచారు. ఆ చాప చూశాక ఆమె నడక పరుగైంది.

బీరమ్మకు పొద్దుటి పరీక్ష కోసం మణికట్టు దగ్గర లోతుగా ఉండే నరంలోంచి రక్తం తీయాలి. బాగా నొప్పెట్టే సూది అది. రోజూ మాట లేకుండా గుచ్చేది. ఈసారి సూది పట్టుకుని ఆగింది. ఎవరైనా చూస్తున్నారేమో అని అటూ ఇటూ చూసింది. కదలని మనిషితో మాట్లాడటం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"బీరమ్మక్కా, నేను కృపారాణి. నర్సును. నీ మణికట్టు కాడ సూది గుచ్చుతున్న. జర నొస్తది. ఓర్సుకో అక్కా," అంది, చెవి దగ్గర వంగి.

గుచ్చింది. రక్తం సిరంజిలోకి ఎక్కుతుండగా మానిటర్ మోగింది. కట్టు మళ్ళీ వదులైనట్టుంది అని విసుక్కుని మోత ఆపేసింది. రక్తం చీటీ అంటించి పంపించి, తిన్నగా డ్యూటీ రూముకు నడిచింది. అక్కడ సుశాంత్ టీ తాగుతున్నాడు. ఇన్‌చార్జ్ సిస్టర్ అరుణాదేవి మందుల లెక్క చూస్తోంది.

"సార్, బీరమ్మను ఇంటికి తీస్కపోతరంట. బయట జీపు ఉన్నది."

సుశాంత్ గ్లాసు కింద పెట్టాడు. "తీసుకుపోవడమేంటి? ఆమె రికవర్ అవుతుంది సిస్టర్! నేను రోజూ చెప్తూనే ఉన్నాను కదా."

"ఏమని చెప్పిన్రు సార్?"

"కండరాలు కోలుకోవాలి, వెయిట్ చేయాలి, ఇప్పుడే ఏం చెప్పలేం అని."

"గా చివరి మాటొక్కటే వాళ్ళకు ముట్టింది సార్. మనిషి పోయిందనుకున్నరు."

"ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేం అన్నాను. బతకదని అన్నానా?" అతని మొహం ఎర్రబడింది. "ఆయన తల ఊపాడు. అర్థమైందనుకున్నాను."

"మీరు చెప్పినప్పుడు మేము కూడ తలే ఊపినం సార్," అంది కృపారాణి. "కండ్లకు ప్లాస్టర్, దవడకు గుడ్డ, కాలి ఏలుకు కట్టు. పీనుగకు కట్టినట్టు కట్టినం మనం. నేనే కట్టిన. వాళ్ళను లోపలికి తెచ్చి చూపియ్యాలె. ముగ్గుర్ని."

అరుణాదేవి పెన్ను మూసింది. "ముగ్గురు లోపలికా? కుదరదు. ఇవాళ వీళ్ళు, రేపు అందరూ. ఇన్ఫెక్షన్ వస్తే జవాబు ఎవరిస్తారు? ఆ తలుపు అద్దం కిందటేడు ఎవరు పగలగొట్టారో మరిచిపోయావా? చుట్టాలే."

ఆమె మాటలో అబద్ధం లేదు. ఆ రోజు గాజుపెంకు గుచ్చుకున్న మచ్చ అరుణాదేవి మోచేతి మీద ఇంకా ఉంది.

"ఆ రోజు కూడ వాళ్ళకెవరూ ఏం చెప్పలేదు మేడం," అంది కృపారాణి. "చేతులు నేను కడిగిపిస్త, గౌన్లు నేను తొడుగుత. ఏమన్న అయితే నా పేరు రాయున్రి. గని ఆమెను జీపు ఎక్కనియ్య."

ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడని మనిషి ఇంత మాట్లాడేసరికి అరుణాదేవి చూస్తూ ఉండిపోయింది. సుశాంత్ లేచాడు. "ఐదు నిమిషాలు సిస్టర్. నేను పక్కనే ఉంటాను," అని అరుణాదేవిని అడిగినట్టే చెప్పాడు. ఆమె ఔనని అనలేదు. తాళాల గుత్తిలోంచి గౌన్ల బీరువా తాళం తీసి బల్ల మీద పెట్టింది.

"స్టూలు వేస్త, కూసొని చెప్పున్రి సార్," అంది కృపారాణి. "నిలబడి చెప్తే మీరు ఎప్పుడు పోతరో అని చూస్తరు గని వినరు."

*

ముగ్గురూ పచ్చగౌన్లలో మంచం చుట్టూ నిలబడ్డారు. గౌను హనుమంతుకు మోకాళ్ళు కూడా దాటలేదు. సుశాంత్ స్టూలు మీద కూర్చున్నాడు. చెప్పడం మొదలుపెట్టబోయి ఆగి, కృపారాణి వైపు చూసి, నువ్వే కానియ్ అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె ముందు కంటి ప్లాస్టర్ తీసింది. "బీరమ్మక్కా, కండ్లు తుడుస్తున్న," అని చెప్పి తుడిచింది. "రెప్పలు మూసుకుంటలేవు, గుడ్డు ఎండుతదని అతికిచ్చిన," అని వాళ్ళకు చెప్పింది. గడ్డం కింద పట్టీ చూపించి, అది గొట్టం కోసమని చెప్పింది. నవనీతను రమ్మని తల్లి అరచెయ్యి ఆమె చేతిలో పెట్టింది.

"వెచ్చగున్నది!" అంది నవనీత. తర్వాత వంగి పిలిచింది. "అవ్వా! నేనే, నవనీతను. ఇంటున్నవా అవ్వా?"

మానిటర్ మోగింది.

కృపారాణి చెయ్యి అలవాటు కొద్దీ కాలి కట్టు మీదికి పోయింది, గట్టిగా నొక్కడానికి. పట్టీని ముట్టుకున్నాక ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కట్టు ఎక్కడా వదులు కాలేదు. వేసింది వేసినట్టే ఉంది. మరి గీత ఎందుకు చెదిరింది? పొద్దున సూది గుచ్చుతున్నప్పుడు కూడా మోగింది. నిన్న బాలస్వామి వచ్చి పోయాక కాసేపటికి కూడా మోగితే, తను విసుక్కుంటూ వచ్చి ఆపింది.

కట్టు విప్పడం మొదలుపెట్టింది. ముడి ఒక పట్టాన రాలేదు. గాజుగుడ్డ తీసి, ప్లాస్టర్ పీకి, క్లిప్ ఊడదీసింది. బొటనవేలు ఒట్టిగా నిలబడింది.

"మళ్ళ పిలువు," అంది నవనీతతో.

"అవ్వా!"

వేలు వంగింది. కాస్తే. వంగి మళ్ళీ లేచింది.

సుశాంత్ స్టూలు జరుపుకుని పాదం దగ్గరికి వచ్చాడు. "నిన్న రాత్రి పరీక్షలో ఈ వేలు రవ్వంత కదిలింది. కట్టుంది కాబట్టి సరిగా తెలియలేదు. కేస్ షీట్‌లో రాసి వదిలేశాను. మీకు చెప్పలేదు," అన్నాడు కృపారాణితో.

"మోగుడు ఆగుతలేదని నేను కూడ మీకు చెప్పలేదు సార్," అంది ఆమె.

బాలస్వామి కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు. "మిషన్ తోటి ఏలు కూడ లేస్తదా?" అని మెల్లగా అడిగాడు. ఎవరూ జవాబు చెప్పేలోపే ఆయనే, "ఏలుకు మిషన్ లేదు గద," అన్నాడు.

అప్పుడు హనుమంతు నోరు విప్పాడు. ఈ రెండ్రోజుల్లో అతని గొంతు కృపారాణి వినడం అదే మొదలు. అన్నను దాటుకుని ముందుకొచ్చి, భార్య పాదం రెండు చేతులతో పట్టుకుని, "బీరీ, ఈడనే ఉంటవా? ఉంటనంటే ఏలు కదిలియ్యే," అన్నాడు.

బొటనవేలు వంగింది. ఈసారి అందరికీ కనపడేంత వంగింది. హనుమంతు పాదం వదలకుండానే నేల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. అరుణాదేవి గాజు తలుపు అవతల నిలబడి చూస్తోంది. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి, ఆమె లోపలికి రాలేదు.

"విషం దిగుతోంది," అన్నాడు సుశాంత్, కూర్చునే. "ముందు ఇలాంటి చిన్న కండరాలు, తర్వాత రెప్పలు, చేతులు, ఊపిరి ఒక్కొక్కటే తిరిగొస్తాయి. ఎన్ని రోజులన్నది మాత్రం నేను చెప్పలేను. ఆ ఒక్కటే చెప్పలేను. బతుకుతుందనే నేను పని చేస్తున్నాను. ఇప్పుడు నేనేం చెప్పానో ఒకసారి మీరు చెప్పండి."

ఆయన చూసింది బాలస్వామి వైపు కాదు, నవనీత వైపు. నవనీత కళ్ళు తుడుచుకుని, తన మాటల్లో, ఒక్కటీ వదలకుండా తండ్రికి చెప్పింది.

బాలస్వామి బయటికి వెళ్ళి ఫోను చేశాడు. తలుపు సందులోంచి కృపారాణికి వినపడింది. "తవ్వుడు బంద్ చెయ్యున్రి... అరే, బతికున్నదిరా! ఏలు కదిలిచ్చింది... తవ్వినకాడికి పూడ్చున్రి. తవ్విన గుంత ఉత్తగ పూడ్చొద్దంటే మనిషికి బదులు ఓ షాబాద్ బండేసి పూడ్చున్రి, నన్నడుగుతవేంది!" జీపువాణ్ణి పంపించేసి వచ్చి, తలుపు దగ్గర నవనీతను తన ముందుకు నిలబెట్టి, తను వెనక నిలబడ్డాడు.

*

ఆ తర్వాత ఐసీయూలో పెద్ద మార్పేమీ రాలేదు. మందులు అవే, రొద అదే. ఒక్క సంగతి మాత్రం మారింది. రౌండ్స్ అయ్యాక తలుపు పక్కన రెండు స్టూళ్ళు పడేవి. సుశాంత్ కూర్చుని చెప్పేవాడు. విన్నవాళ్ళ చేత తిరిగి చెప్పించుకునేవాడు. మొదటి రోజు బీరమ్మ వాళ్ళకే. రెండో రోజు పక్క మంచం నవాబుపేట ముసలాయన కోడలు వచ్చి, మాకెందుకు చెప్పరని నిలదీసింది. "చూశావా, నేను చెప్పలేదూ?" అని అరుణాదేవి కృపారాణి మీద విసుక్కుంది. విసుక్కుంటూనే తన గదిలోని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి స్టూళ్ళ పక్కన వేసింది. ఆ కుర్చీ మళ్ళీ గదికి పోలేదు.

క్లిప్ ఇప్పుడు బీరమ్మ చెవితమ్మెకు పెట్టారు. బొటనవేలు ఖాళీగా దుప్పటి బయట ఉండేది. దప్పికా, నొప్పా, పక్కకు తిప్పాలా అని ఒక్కొక్కటే అడిగితే అది జవాబు చెప్పేది. కృపారాణి ప్రతి పనికీ ముందు చెప్పేది. మొదట్లో లెక్కపెట్టుకుని చెప్పేది, తర్వాత నోరే చెప్పేది. పని వెనకబడలేదు. ఇన్నేళ్ళూ వెనకబడుతుందని ఎందుకు అనుకుందో ఆమెకే అర్థం కాలేదు.

రెప్పలు లేచాయి. వేళ్ళు మడతపడ్డాయి. ఛాతి తనంతట తను లేవడం మొదలైంది. ఒక పొద్దున సుశాంత్ గొట్టం తీసేశాడు. బీరమ్మ రోజంతా దగ్గింది. ఆ మర్నాటికి గొంతు వచ్చింది. గీరుకుపోయిన గొంతు, తెంపులు తెంపులుగా.

కృపారాణి ఆమె పక్కన కూర్చుంది. ఈ మాట చెప్పకుండా ఉండలేనని రెండ్రోజులుగా అనుకుంటోంది.

"బీరమ్మక్కా, నీ కాలి ఏలు గట్టిగ చుట్టింది నేనే. నువ్వు పిలుస్తున్నవని తెల్వలేదు. నన్ను మాఫ్ చెయ్యి."

బీరమ్మ ఆమెను చూసింది. మొహం చూడటం ఇప్పుడే గానీ గొంతు ఎప్పుడో ఎరిగినట్టు చూసింది.

"నువ్వేనా," అంది. "అందరు ఒస్తున్నరు, పోతున్నరు. నా మీదికెల్లి మాట్లాడుకుంటున్నరు గని నాతోని ఎవలు మాట్లాడుతలేరు. కండ్లు మూసి అతికిచ్చిన్రు. దవడ కట్టిన్రు. ఇంతల బొటనేలు పట్టుకొని చుట్టవడితివి. మా బావ ఒచ్చి గుంత సంగతి చూడుమన్నడు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "గప్పుడు అనుకున్న సిస్టరమ్మా, ఓహో, నేను సచ్చిపోయిన్నే అని. సచ్చినంక గిట్లనే ఉంటదేమో, అన్ని ఇనవడతయేమో అని. మా అమ్మకు దవడ కట్టింది నేనే. ఆమె గూడ గిట్లనే ఇన్నదేమో, నేనొక్క మాట గూడ మాట్లాడకపోతినని ఏడుపొచ్చింది. ఏడుద్దమంటే కండ్లల్ల నీళ్ళు రావాయె."

కృపారాణి కళ్ళు నిండిపోయాయి. ఇంటివాళ్ళు తప్పుగా అనుకున్నారనుకుంది ఇన్నాళ్ళూ. మంచం మీది మనిషికి కూడా తను అదే చెప్పింది, నువ్వు చచ్చిపోయావని.

"మల్ల తెల్లారి నువ్వొచ్చి నా పేరు పెట్టి పిలిస్తివి," అంది బీరమ్మ. "సూది గుచ్చుతున్న, జర నొస్తది, ఓర్సుకో అంటివి. అనంగనే నేను పరేషాన్ అయిన. సచ్చినోళ్ళకు నొస్తదని ఎవలన్న చెప్తరా? నొచ్చింది కూడ. మస్తు నొచ్చింది. నొయ్యంగనే ఎరుకైంది, నేను బతికే ఉన్న అని. ఇగ అప్పటిసంది పట్టువట్టి గా ఏలు కదిలిచ్చుడే కదిలిచ్చుడు."

పక్కన ట్రేలో ఆ రోజు పరీక్షకు సిరంజి సిద్ధంగా ఉంది. పనిలో పడితే ఏడుపు ఆగుతుందని కృపారాణి దాన్ని అందుకుని, తల వంచుకుని, దూదితో మణికట్టు తుడిచి సూది దగ్గరికి తెచ్చింది.

బీరమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. వారం కిందట రెప్ప కూడా ఎత్తలేని మనిషి గట్టిగానే లాక్కుంది.

"చెప్పకనే గుచ్చుతవా?"

కృపారాణి ముక్కు ఎగబీల్చి, ఏడుస్తూనే నవ్వింది. "బీరమ్మక్కా, సూది గుచ్చుతున్న. జర నొస్తది."

బీరమ్మ చెయ్యి చాపింది. "నొయ్యనీ," అంది.